బొమ్మ గీసిన చెయ్యి

గురువారం పదకొండు గంటలప్పుడు రామ్‌కిషన్ అల్లం తవ్వుతుంటే జేబులో ఫోను వరసగా మూడుసార్లు మోగింది. చేతుల నిండా మట్టి. మూడోసారికి పారను మడిలో గుచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుని తీశాడు. అక్క కొడుకు నవదీప్.

"మామా, గ్రూపుల చూసినవా?"

"చేన్ల ఉన్నరా. ఏముంది?"

"ముందుగాల చూడు. చూసి బడి కాడికి రా. మేమంత ఈడనే ఉన్నం."

నవదీప్‌కు మొగుడంపల్లిలో ఎరువుల దుకాణం ఉంది. ఊరి పేరు మీద వాట్సాప్ గ్రూపు నడిపేది అతనే. ఎవరు చనిపోయినా, యూరియా లోడు వచ్చినా ఊరికి అందులోనే తెలుస్తుంది. రామ్‌కిషన్ ఎండ పడకుండా ఫోను మీద తువ్వాలు కప్పుకుని చూశాడు. నోటుపుస్తకంలో పేజీ ఫోటో అది. పెన్సిలుతో గీసిన ఆడమనిషి బొమ్మ. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు మోకాలి మీదికి ఎత్తుకుని, వంగి అరికాలు చూసుకుంటోంది. నడుము కింద తప్ప ఒంటి మీద బట్ట లేదు. అతను వేళ్ళతో మొఖం పెద్దది చేసి చూశాడు. గదమ మీద, పెదవి కిందుగా, మూడు చుక్కలున్నాయి. పైన రెండు, కింద ఒకటి.

నాలుగు బారల అవతల అతని భార్య ఎల్లమ్మ మడి గట్టున కూర్చుని అల్లం దుంపలకు మట్టి దులుపుతోంది. ఆమె గదమ మీద మూడు పచ్చబొట్లు. పైన రెండు, కింద ఒకటి. పెండ్లికి ముందు రాయికోడ్‌లో వాళ్ళమ్మ పొడిపించింది.

ఫోటో కింద నవదీప్ రాసింది కూడా చదివాడు. 'డ్రాయింగ్ సారు మన ఊరి ఆడోళ్ళను బట్టలు లేకుండ గీస్తున్నడు. గిది సారు బల్ల మీద దొరికింది. గీమె ఎవరో గుర్తువట్టుండ్రి.' దాని కింద ఇరవై మంది నవ్వే మొఖాలు పెట్టారు. ఒకడైతే పేరే రాశాడు.

"ఏందది?" అంది ఎల్లమ్మ తలెత్తి.

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. పారను మడిలోంచి లాగి, ఇనుప పలకను గట్టు రాయికేసి రెండు దెబ్బలు కొట్టాడు. కర్ర కామ ఊడి చేతిలోకి వచ్చింది. అది పట్టుకుని బండి దగ్గరికి నడిచాడు.

బడి దగ్గర పదిహేను మంది దాకా ఉన్నారు. నవదీప్ గేటు తీసి పెట్టాడు. వరండా చివర నల్లా దగ్గర డ్రాయింగ్ సారు కుంచెలు కడుగుతున్నాడు. పేరు కార్తీక్. ముప్పై లోపు మనిషి. వాళ్ళది కోస్తా ప్రాంతం. తండ్రి జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ ఇంజనీరు. కార్తీక్ వారానికి మూడు రోజులు బండి మీద వచ్చి పిల్లలకు బొమ్మలు నేర్పుతాడు. ముందు వారమే తొమ్మిదో తరగతి పిల్లల్ని బస్సులో హైదరాబాద్ తీసుకుపోయి పెద్ద మ్యూజియం చూపించుకొచ్చాడు.

రామ్‌కిషన్ ఫోనును అతని మొఖానికి ఆనించాడు. "గిది ఎవలు గీసిన్రు?"

కార్తీక్ ఫోను చూశాడు. తర్వాత తొమ్మిదో తరగతి గది వైపు చూశాడు. కిటికీ ఊచలు పట్టుకుని పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళలో రామ్‌కిషన్ కూతురు సహస్ర ఉంది.

"ఎవరు గీసిన్రు అంటే ఇనవడ్తలేదా?" అన్నాడు నవదీప్.

"నేనే గీశానండి," అన్నాడు కార్తీక్. "పిల్లల్ని ఏమీ అనకండి. కూర్చోండి, చెబుతాను."

మొదటి దెబ్బ భుజం మీద పడింది. కుంచెలున్న డబ్బా దొర్లిపోయి నీళ్ళు వరండా అంతా ఎర్రగా పారాయి. కార్తీక్ నల్లా గోడకు తగిలి కింద కూర్చుండిపోయాడు. లేవడానికి కుడిచెయ్యి నేల మీద ఆనించాడు.

"నేను గీసిన నాయినా! సార్ గాదు, నేను గీసిన!" సహస్ర కిటికీ లోంచి అరిచింది.

రామ్‌కిషన్ కామ మళ్ళీ ఎత్తాడు. నేల మీద ఆనించి ఉన్న ఆ చెయ్యి మీద కొట్టాడు. ఎండిన కంది కట్టె విరిగిన చప్పుడు వచ్చింది. కార్తీక్ అరవలేదు. నోరు తెరిచాడు కానీ గాలి మాత్రమే వచ్చింది. మళ్ళీ అక్కడే కొట్టాడు. మిగిలినవాళ్ళు చెప్పు కాళ్ళతో మీద పడ్డారు. హెడ్‌మాస్టరు చేతులు జోడించి అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు. ఎవడో ఫోనులో వీడియో తీస్తున్నాడు. రెండు నిమిషాల తర్వాత నవదీపే అందర్నీ వెనక్కి లాగాడు. "బస్, బస్. సస్తడు. ఇగ నడువుండ్రి."

రామ్‌కిషన్ బండెక్కి ఇంటి దారి పట్టాడు. కామ ఎక్కడ పడేశాడో గుర్తు లేదు.

ఇంటికొచ్చేసరికి ఎల్లమ్మ లోపల అల్లం గంపలు దించుతోంది. ఊరు ఆమెకు అప్పటికే చెప్పేసింది. ఆమె గంప కింద పెట్టి, అతని చొక్కా మీది రక్తపు మరకలు చూసింది.

"వాడు నిన్నెప్పుడు చూసిండు?" అన్నాడు.

"ఎవడు?"

చెంప మీద కొట్టాడు. ఆమె గంప మీద పడింది. గంప అంచు కంటి పైన చీరుకుంది. జుట్టు పట్టుకుని లేపి మళ్ళీ అడిగాడు. "ఎప్పుడు చూసిండు? ఏడ చూసిండు?" ఆమె రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుని, జుట్టు ఊడకుండా కాపాడుకుంటోంది, అంతే.

బడి నుంచి పరుగెత్తుకొచ్చిన సహస్ర సంచీ విసిరేసి మధ్యలో దూరింది. "నేను గీసిన నాయినా. మ్యూజియంల బొమ్మ అది. రాతి బొమ్మ. ఒట్టు. అమ్మను ఇడిచిపెట్టు."

"వాడు నేర్పిన మాటలు జెప్తవా?"

ఆ దెబ్బకు సహస్ర పెదవి పగిలింది. గోడ మూలకు పోయి తల మీద రెండు చేతులు కప్పుకుని కూర్చుంది. రామ్‌కిషన్ వాకిట్లోకి వచ్చి గోలెంలో చెంబు ముంచి మొఖం కడుక్కున్నాడు. రెండు మూడుసార్లు కడుక్కున్నాడు. లోపల తల్లీకూతుళ్ళు ఏడుస్తున్న చప్పుడు కూడా రాలేదు.

శుక్రవారం కేసయింది. కార్తీక్ తల్లిదండ్రులు స్టేషన్లో కాగితం ఇచ్చారు. ఎస్సై ఊరికొచ్చి, బొమ్మ ఉన్న నోటుపుస్తకం స్వాధీనం చేసుకుని, కొట్టింది ఎవరని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. అందరం ఉన్నాం, ఎవరి దెబ్బ ఎక్కడ తగిలిందో తెలీదు అన్నారు. బడిలో తీసిన వీడియోను నవదీప్ ముందే చెరిపించాడు. సోమవారం పొద్దున అందరూ స్టేషన్‌కు రావాలని చెప్పి ఎస్సై వెళ్ళిపోయాడు.

ఎస్సై జీపు పోయాక నవదీప్ రామ్‌కిషన్‌ను ఎరువుల దుకాణానికి పిలిపించుకున్నాడు. బస్తాల మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు.

"మామా, ఫికర్ జేయకు. గా సారు ఏమంటుండంటే, మ్యూజియంల అసుంటి రాతిబొమ్మ ఉందట. దాన్ని చూసి గీసిండట. నువ్వు రేపెల్లుండి బిడ్డను తీస్కొని పట్నం పో. బొమ్మ లేకుంటే వాడు అబద్ధం ఆడినట్టు. ఉంటే, ఆడపిల్లలకు బట్టల్లేని బొమ్మలు చూపెట్టినట్టు. ఏదైనా మనకే మంచిది. వీడియో తీస్కరా. సోమవారం ఎస్సై ముంగట పెడ్త. వాళ్ళే కేసు వాపస్ తీస్కుంటరు."

"బిడ్డ ఎందుకు?"

"గంత పెద్ద మ్యూజియంల నువ్వేడ దేవులాడ్తవు? ఆమెకు ఎరుక గదా."

రామ్‌కిషన్ చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు. "బిడ్డ అరిసిందట గదా, నేనే గీసిన అని," అన్నాడు నవదీప్, అతని మొఖం చూడకుండా. "నీకు ఇనవడ్డదా మామా?"

"లేదు," అన్నాడు రామ్‌కిషన్. "గంత లొల్లిల ఏమినవడ్తది."

ఆదివారం పొద్దున జహీరాబాద్‌లో బస్సెక్కారు. సహస్ర పెదవి ఇంకా వాచి ఉంది. చున్నీని మొఖం చుట్టూ కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు సదాశివపేట దాటింది, సంగారెడ్డి దాటింది. పటాన్‌చెరులో అతను మక్కకంకి కొనిచ్చాడు. ఆమె తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. బస్సు దిగేటప్పుడు సీటు మీదే వదిలేసింది.

మ్యూజియం గేటు లోపలికి వచ్చాక ముందు నడిచింది సహస్రే. టిక్కెట్లు ఎక్కడ తీసుకోవాలో, సంచీ ఎక్కడ ఇవ్వాలో, ఏ మెట్లెక్కాలో ఆమెకు తెలుసు. రామ్‌కిషన్ ఎటు పోవాలో తెలియక ఆమె వెనకే నడిచాడు. నున్నటి నేల మీద అతని చెప్పులు జారుతున్నాయి. ఆదివారం కాబట్టి జనం బాగా ఉన్నారు. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, కర్ర పట్టుకున్న ముసలివాళ్ళు, కెమెరాలు మెళ్ళో వేసుకున్న తెల్లవాళ్ళు. ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు.

మొదట కత్తుల గది వచ్చింది. రామ్‌కిషన్‌కు కాస్త ప్రాణం కుదుటపడింది. ఇక్కడి వస్తువులు అతనికి అర్థమవుతాయి. వంకర కత్తులు, ఏనుగుల మీది నుంచి పొడిచే బల్లేలు, పిడికిలికి తొడుక్కుని కడుపులో దింపే బాకులు, బంగారు పూత పిడులు. ఒక తండ్రి నాలుగేళ్ళ కొడుకును ఎత్తుకుని అద్దం దగ్గర పెట్టి "దీన్తోటి తలకాయ ఒక్క దెబ్బకు ఎగిరిపోతది" అని చెబుతున్నాడు. పిల్లవాడు నవ్వుతున్నాడు. పక్క గోడ మీద యుద్ధం బొమ్మ ఉంది, గోడంత పెద్దది. గుర్రాల కాళ్ళ కింద తెగిన చేతులు. ఒక సైనికుడు తన చెయ్యి ఎక్కడ పడిందా అని వెతుక్కుంటున్నట్టు నేల వైపు చూస్తున్నాడు. రామ్‌కిషన్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎరుపు రంగు బడి వరండా మీద పారిన నీళ్ళ రంగులోనే ఉంది.

"అటు గాదు నాయినా," అంది సహస్ర. మూడు రోజుల తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

రాతిబొమ్మల గది పొడుగ్గా, చల్లగా ఉంది. దేవుళ్ళు, ద్వారపాలకులు, విరిగిన ఏనుగులు. చివర కిటికీ పక్కన ఒక్కటే అరుగు మీద ఆమె నిలబడి ఉంది. నల్లరాయి. ఎత్తు నాలుగడుగులు కూడా ఉండదు. కింద రేకు మీద తెలుగులో రాసి ఉంటే అతను కూడబలుక్కుని చదివాడు. 'ముల్లు తీసుకొనుచున్న స్త్రీ. పన్నెండవ శతాబ్దము.'

రామ్‌కిషన్ జేబులోంచి ఫోను తీశాడు. వీడియో తీయాలి. ముందు ఒకసారి చూద్దామనుకున్నాడు.

రొమ్ముల మీద బట్ట లేదు. అది నిజమే. ముక్కు సగం విరిగి ఉంది. గదమ మీద చుక్కలు లేవు. ఎడమకాలి మీద బరువంతా వేసి, కుడికాలు మోకాలి మీదికి ఎత్తుకుంది. పడిపోకుండా నడుము ఒక పక్కకు ఒంగింది. అరికాలు పైకి తిప్పుకుంది. బొటనవేలు వెనక్కి లాక్కుపోయి, మిగతా నాలుగు వేళ్ళు ముడుచుకుపోయాయి. నొప్పికి. చేతి బొటనవేలి గోరూ చూపుడువేలి గోరూ కలిపి, ముల్లు మొన దొరికిందో లేదో అన్నట్టు ఆగింది. పళ్ళ మీద పళ్ళు పెట్టి బిగబట్టిన మొఖం. తనను ఎవరు చూస్తున్నారన్న ధ్యాస ఆమెకు లేదు.

చెరకు కొట్టేటప్పుడు, తుమ్మ కంప తీసేటప్పుడు ఎల్లమ్మ అట్లా నిలబడటం అతను వంద సార్లు చూశాడు. చీర కొంగు నోట్లో పెట్టుకుని, బ్లౌజుకున్న పిన్నీసు తీసి, 'జర భుజం పట్టనియ్యి' అని అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడుతుంది. ముల్లు రాగానే దాన్ని వేలి మీద పెట్టి చూపిస్తుంది.

"మీయమ్మ గూడ కుడికాలే ఎత్తుతది," అన్నాడు.

సహస్ర అతని వైపు చూడలేదు. "సార్ చెప్పిండు, ఇంటికి పోయినంక ముల్లు తీసేటోళ్ళను చూసి మల్ల గీయుమని. వేళ్ళు ఎట్ల వెడ్తరో చూడుమన్నడు. నేను అమ్మను చూసిన. అందుకే చుక్కలు వెట్టిన. మొఖం అమ్మదే వచ్చింది నాయినా. మంచిగ వచ్చింది అనుకున్న."

"మరి బట్టలు?"

"రాయికి లెవ్వు గదా."

అతను ఫోను వైపు చూసుకున్నాడు. ఇంకా ఒత్తలేదు. అప్పుడే గదిలోకి నలుగురు కుర్రవాళ్ళు వచ్చారు. నల్ల అద్దాలు, గట్టిగా నవ్వులు. ఒకడు అరుగు మీదికి మోకాలు పెట్టి ఎక్కి, సెల్ఫీ కోసం బొమ్మ పక్కన మొఖం పెట్టాడు. ఇంకో చేత్తో బొమ్మ రొమ్ము పట్టుకున్నాడు. "జల్ది తియ్యిరా, నా పోరి ఫీలైతున్నది," అన్నాడు. మిగతావాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

రామ్‌కిషన్ ఎప్పుడు కదిలాడో అతనికే తెలియదు. ఆ కుర్రవాడి మెడ వెనక పట్టుకుని అరుగు మీది నుంచి ఈడ్చాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. మోకాలితో వాడి ఎద మీద కూర్చుని మొఖం మీద గుద్దాడు. అద్దాలు విరిగాయి. రెండో గుద్దుకు ముక్కులోంచి రక్తం వచ్చి చెవి కిందికి కారింది. వాడు "అంకుల్, అంకుల్" అంటున్నాడు. మూడోసారి ఎత్తిన పిడికిలిని ఎవరో పట్టుకున్నారు. ఇద్దరు గార్డులు అతన్ని చంకల కింద చేతులు వేసి లేపారు. "వాడు చెయ్యేసిండు!" అని అరుస్తున్నాడు రామ్‌కిషన్. "నీయవ్వ, ఆమె మీద చెయ్యేస్తవా!"

గార్డులు అతన్ని తిప్పారు. అప్పుడు గోడ మూల కనిపించింది.

సహస్ర అక్కడ కూర్చుని ఉంది. మోకాళ్ళు ఎదకు ఆనించుకుని, రెండు చేతులూ తల మీద కప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని. గురువారం ఇంట్లో కూర్చున్నట్టే. అతను ఎవర్ని కొడుతున్నాడో, ఎందుకు కొడుతున్నాడో ఆమె చూడలేదు. తన వంతు వస్తుందని ఆగి ఉంది.

రామ్‌కిషన్ పిడికిలి విప్పాడు. గార్డులు లాగిన వైపు నడిచాడు.

ఆఫీసు గదిలో అరగంట కూర్చోబెట్టారు. దెబ్బలు తిన్న కుర్రవాడు బొమ్మను పట్టుకున్న సంగతి కెమెరాలో ఉంది కాబట్టి, కేసు వద్దని రాసిచ్చి నలుగురూ వెళ్ళిపోయారు. ఒక పెద్దాయన రామ్‌కిషన్ పేరు, ఊరు రాసుకుని, ఇంకోసారి ఇట్లా చేస్తే పోలీసులకు అప్పగిస్తానని హెచ్చరించి పంపించాడు. పెనుగులాటలో ఫోను అద్దం పగిలిపోయింది. ఫోటో ఒక్కటీ తీయలేదు.

బయట మెట్ల మీద సహస్ర అతనికి నాలుగు మెట్ల దూరంలో కూర్చుంది.

"వాడు పాడు పని చేసిండు బిడ్డా. అందుకే కొట్టిన."

"నాకు తెల్వదు నాయినా," అంది సహస్ర. "నేను కండ్లు మూసుకున్న."

బస్సులో ఆమె వేరే సీటులో, ఒక ముసలామె పక్కన కూర్చుంది.

సోమవారం పది గంటలకు స్టేషన్ ఆవరణలో రేకుల షెడ్డు కింద బల్లలు వేసి ఉన్నాయి. నవదీప్ పది మందితో వచ్చాడు. రామ్‌కిషన్ ఉత్త చేతులతో రావడం చూసి అతని మొఖం మాడిపోయింది.

"వీడియో ఏది మామా?"

"ఫోను పగిలింది."

"బొమ్మ ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"బట్టలు?"

రామ్‌కిషన్ తువ్వాలు ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "సరే తియ్యి," అన్నాడు నవదీప్ అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కుతూ. "వాళ్ళు రాజీకి ఒప్పుకున్నరు. బొమ్మ నేనే గీసిన, తప్పయింది, ఇగ ఈ బడికి రాను అని సారు రాసిస్తడు. కేసు వాపస్. నువ్వు ఊకుండు. నోరు తెరువకు."

కార్తీక్‌ను తల్లీ తండ్రీ కారులోంచి దింపారు. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టు, మెళ్ళోంచి పట్టీ. ఒక కన్ను ఇంకా సగమే తెరుచుకుంటోంది. తండ్రి లోపలికి వెళ్ళాడు. తల్లి కనకదుర్గ కుర్చీ కోసం చుట్టూ చూసింది. షెడ్డు స్తంభం పక్కన నిలబడ్డ రామ్‌కిషన్ దగ్గరే ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది.

"బాబూ, కాస్త ఆ కుర్చీ ఇటు జరుపుతారా? మా అబ్బాయి ఎక్కువసేపు నిలబడలేడు."

రామ్‌కిషన్ కుర్చీ ఎత్తి తీసుకొచ్చి నీడలో వేశాడు. దాని మీద దుమ్ము ఉంటే తువ్వాలుతో తుడిచాడు. కార్తీక్ కూర్చుంటూ తలెత్తి అతన్ని చూశాడు. గుర్తుపట్టాడు. తల్లితో ఏమీ అనలేదు.

"చల్లగుండాలి బాబూ," అంది కనకదుర్గ. "చేతిలో ప్లేటు వేశారు. ఏడు స్క్రూలు. వేళ్ళు మళ్ళీ ముడుచుకుంటాయో లేదో ఆరు నెలలు పోతే గాని చెప్పలేమన్నారు. నిన్న పెన్సిలు ఇమ్మంటే ఇచ్చాను. పట్టుకోలేక..." ఆమె మాట ఆపేసి కొడుకు నుదుటి మీది చెమట చీర చెంగుతో అద్దింది.

రామ్‌కిషన్ తిరిగి స్తంభం దగ్గరికి పోయాడు. నోరు తెరవాలనుకున్నాడు. బస్సులో వస్తున్నంతసేపూ అనుకున్నాడు.  నవదీప్ చెయ్యి మళ్ళీ అతని భుజం మీద పడింది.

ఎస్సై బయటికి వచ్చి కూర్చున్నాడు. కానిస్టేబుల్ కాగితం చదివాడు. "సార్, ఇది మీ ఇష్టంతోనే రాసిస్తున్నరా? ఎవరన్న బెదిరించిన్రా?" అని ఎస్సై కార్తీక్‌ను రెండుసార్లు అడిగాడు. "నా ఇష్టమేనండి," అన్నాడు కార్తీక్. "తొందరగా అయిపోతే చాలు. పిల్లల్ని ఇందులోకి లాగకండి." సంతకం పెట్టే చెయ్యి కట్టులో ఉంది. కానిస్టేబుల్ నీలం సిరా డబ్బా తెరిచి అతని ఎడమచెయ్యి పట్టుకుని, బొటనవేలు సిరాలో ఒత్తాడు.

"ఆగుండ్రి."

గేటు దగ్గర ఎల్లమ్మ. పక్కన బడి యూనిఫాంలో సహస్ర. ఎల్లమ్మ కంటి పైన దెబ్బ పసుపు పచ్చగా మారి, రెప్ప కిందికి దిగి ఉంది. ఆమె కొంగు తల మీద వేసుకోలేదు. అందరికీ ఆ దెబ్బ కనిపించేలా నడిచి వచ్చింది.

"అత్తా, నువ్వెందుకొచ్చినవు? ఇంటికి పో," అన్నాడు నవదీప్.

"నువ్వూకో నవదీపూ." ఆమె ఎస్సై ముందు నిలబడింది. "నేను గూడ రాసియ్యాలె సారూ."

"నువ్వెవరమ్మా?"

"గా బొమ్మల ఉన్నది నేనే అంటున్నది గదా ఊరంత. గామెను. నాలుగొద్దులాయె, ఒక్కలు నన్నడగలే. రాస్కో సారూ. బొమ్మ గీసింది నా బిడ్డ. నేను చేన్ల ముల్లు తీస్కుంటుంటే చూసి గీసింది. గీ సారుకు నా మొఖం గూడ తెల్వదు. ఈయన చెయ్యి ఇరగ్గొట్టింది నా పెనిమిటి. గదే దినం ఇంటికొచ్చి నన్ను గొట్టిండు, నా బిడ్డ మూతి పలగ్గొట్టిండు. గది గూడ రాస్కో."

 కానిస్టేబుల్ కార్తీక్ బొటనవేలును కాగితానికి అంగుళం పైన పట్టుకుని అట్లాగే ఉన్నాడు. నవదీప్ వేళ్ళు రామ్‌కిషన్ భుజంలోకి దిగాయి. "కాదని చెప్పు మామా," అన్నాడు చెవిలో. "కోపంల అన్నది అని చెప్పు. నేను చూస్కుంట."

"రామ్‌కిషన్," అన్నాడు ఎస్సై. "ఆమె చెప్పింది నిజమేనా?"

రామ్‌కిషన్ భుజం విదిలించుకున్నాడు.

"నిజమే సారూ. అంత నిజమే. ఇంకొకటి ఆమెకు తెల్వదు. రాస్కోండ్రి. నా బిడ్డ నేనే గీసిన అని ఒర్రింది. నాకు ఇనవడ్డది. మంచిగ ఇనవడ్డది. ఇనవడ్డంకనే సారు చెయ్యి మీద కొట్టిన. ఆయన కింద పడి ఉన్నడు. రెండుసార్లు కొట్టిన."

నవదీప్ అతని వీపు మీద కాలితో తన్నాడు. రామ్‌కిషన్ బల్ల మీదికి తూలి, అంచు పెదవికి తగిలి నోట్లో ఉప్పగా అయింది. "మా ఇజ్జత్ దీస్తవురా!" అంటూ నవదీప్ మళ్ళీ మీదికొస్తుంటే ఇద్దరు కానిస్టేబుళ్ళు అడ్డంపడి పట్టుకున్నారు. ఎస్సై లేచి నిలబడి, అతన్ని కూడా లోపల కూర్చోబెట్టమన్నాడు.

కనకదుర్గ రామ్‌కిషన్‌ను చూస్తోంది. తర్వాత కొడుకు కూర్చున్న కుర్చీని చూసింది. ఆమె రెండు చేతులతో కుర్చీ వెనక భాగం పట్టుకుంది. కొడుకు దాన్లో కూర్చుని ఉండగానే దాన్ని రామ్‌కిషన్‌కు దూరంగా ఈడ్చింది. సిమెంటు మీద కుర్చీ కాళ్ళు కీచుమని అరిచాయి. "వద్దమ్మా," అన్నాడు కార్తీక్. ఆమె వినలేదు. షెడ్డు అవతలి చివరిదాకా ఈడ్చుకుంటూ పోయింది.

అక్కడి నుంచి కార్తీక్ ఎస్సైని పిలిచాడు. "ఆ నోటుపుస్తకం ఈ అమ్మాయిది. పని అయిపోయాక తిరిగి ఇచ్చేయండి సార్." సహస్ర ఏడ్చింది. నాలుగు రోజుల్లో మొదటిసారి, చప్పుడు చేస్తూ ఏడ్చింది. రామ్‌కిషన్ ఆమె వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

వాంగ్మూలం రాయడానికి గంట పట్టింది. ఎన్ని దెబ్బలు, ఏ చేత్తో, ఎక్కడ నిలబడి అని కానిస్టేబుల్ అడిగినవాటికి రామ్‌కిషన్ వరసగా చెప్పాడు. తెలియనివి తెలియవన్నాడు. తనతో పాటు కొట్టినవాళ్ళ పేర్లు అడిగితే, అవి కూడా చెప్పాడు. సంతకం పెట్టాక లోపలి గదిలోకి నడవమన్నారు.

గుమ్మం దగ్గర ఎల్లమ్మ నిలబడి ఉంది. దగ్గరికి వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాడు. అతని మొఖం చూడకుండా చెయ్యి చాపింది.

"మోటర్ డబ్బ తాళపుచెవి," అంది.

మొలతాడుకు ముడేసి ఉన్న తాళపుచెవిని అతను విప్పబోయాడు. ముడి బిగిసిపోయి రాలేదు. ఎల్లమ్మ ఆగింది. సాయం చేయలేదు. చివరికి పంటితో కొరికి తెంపి ఆమె అరచేతిలో పెట్టాడు.

"చెరకుకు ఏ మడి కాడ ఆపినవు నీళ్ళు?"

"మూడోది. ఉత్తరం దిక్కు."

ఆమె తాళపుచెవిని కొంగున ముడి వేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, మొగుడంపల్లి బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు త్వరత్వరగా నడిచింది.